లేదు అంటే ఎక్కడ లేదు?

"ఆయన ఇంట్లో లేరు" అంటే బజారుకెళ్లి ఉంటారు, కాసేపాగి మళ్లీ రావచ్చు. "ఆయన లేరు" అంటే మాత్రం ఏమనాలో తోచక గుమ్మంలోనే నిలబడిపోతాం. రెండిటికీ ఒక్క మాట తేడా. ఆ ఒక్క మాట మింగేసి మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటారా అంటే, ఉన్నారు. డేటాబేస్‌లు. ఒక టేబుల్ కావాలని అడిగామనుకోండి. అది పక్క గదిలో ఉన్నా, తాళం వేసిన బీరువాలో ఉన్నా, నిజంగానే తగలబడిపోయినా చాలాసార్లు ఒకటే జవాబు వస్తుంది: "టేబుల్ డజ్ నాట్ ఎగ్జిస్ట్". అసలు ఈ భూమ్మీదే లేదన్నట్టు.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఆ మాట వినగానే నమ్మకూడదు. నమ్మి, "లేదంటోంది కదా, అయితే తయారు చేసేద్దాం" అని క్రియేట్ టేబుల్ కొట్టడం అంతకన్నా పెద్ద తప్పు. మన ల్యాబ్‌లో అయితే పోయేదేం లేదు, రెండు మార్కులు. కానీ జీతాలు, బిల్లులు, గోడౌన్ లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఆ పని చేస్తే ఎవరిదో ఒకరి ఏడాది కష్టం కనబడకుండా పోతుంది. అదీ ఎర్రర్ ఏమీ రాకుండా, చాలా మర్యాదగా.

టేబుల్‌ని తెలుగులో పట్టిక అనాలని నాకూ తెలుసు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఆ మాట నేను ఇంటర్ అయ్యాకే విన్నాను. ల్యాబ్‌లో ఎవరూ అనరు, అందుకని ఇక్కడ కూడా టేబుల్ అనే రాస్తున్నాను. తెలుగు అభిమానులు క్షమించాలి. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకి ఇంకో తమాషా ఉంది. అందులో వచ్చే మెసేజ్ "టేబుల్ లేదు" అని కాదు, "రిలేషన్ లేదు" అని. 1970లో ఐబీఎంలో పనిచేసే కాడ్ రాసిన పేపర్‌లో టేబుల్‌కి పెట్టిన లెక్కల పేరు అది. మా హాస్టల్లో ఆ ఎర్రర్ మొదటిసారి వచ్చినప్పుడు "మామా, దీనికీ నాకూ ఏ రిలేషనూ లేదంటరా" అని ఒకడు అరిస్తే ఫ్లోరంతా నవ్వింది.

మన డీబీఎంఎస్ ల్యాబ్ సంగతి మీకు తెలుసు. సైలర్స్, బోట్స్, రిజర్వ్స్. మూడు టేబుళ్లు, మనమే కట్టి, మనమే నింపి, మనమే పడగొడతాం. ఒక కంపెనీని నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ లోకం వేరు. అక్కడ టేబుళ్లు వందల్లో, వేలల్లో ఉంటాయి, పేర్లు కూడా మనుషులు పెట్టుకునేలా ఉండవు. శాప్‌లో కస్టమర్ల వివరాలు ఉండే టేబుల్ పేరు కేఎన్‌ఏ1. మనకి సరుకు అమ్మేవాళ్లది ఎల్‌ఎఫ్‌ఏ1. సరుకులది ఎంఏఆర్‌ఏ. జర్మన్ మాటల్ని కుదించి పెట్టిన పేర్లట. అమీర్‌పేటలో ఆ కోర్సులో చేరిన మా కజిన్ వీటిని ఎక్కాల్లాగా బట్టీ పట్టేది. ఓడూలో అయితే ప్రోగ్రాం రాసేటప్పుడు సేల్, ఆర్డర్ అన్న రెండు మాటల మధ్య చుక్క పెడతాం, డేటాబేస్‌లో మాత్రం ఆ చుక్క అండర్‌స్కోర్ అయిపోతుంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ప్రతి డాక్యుమెంట్ పేరు ముందు "ట్యాబ్" అని తగిలిస్తారు, పేరు మధ్యలో ఖాళీ కూడా ఉంటుంది. తెర మీద కనిపించిన "సేల్స్ ఇన్వాయిస్" అన్న పేరుతోనే డేటాబేస్‌ని అడిగితే, అలాంటిది లేదంటుంది. అది అబద్ధం కాదు. కానీ వేల ఇన్వాయిస్‌లు అక్కడే ఉంటాయి.

ఇంకా చిత్రమైనది పాత శాప్‌లోని బీఎస్‌ఈజీ. అకౌంట్స్‌లో పడే ప్రతి ఎంట్రీ లైను దాంట్లోనే ఉంటుంది, కంపెనీకి గుండెకాయలాంటి టేబుల్. శాప్ తెర మీంచి అడిగితే చక్కగా చూపిస్తుంది. అదే తెర వదిలేసి కింద ఉన్న ఒరాకిల్‌లోకి నేరుగా వెళ్లి వెతికితే, బీఎస్‌ఈజీ అన్న టేబులే కనబడదు. ఎందుకంటే దాని డేటా ఆర్‌ఎఫ్‌బీఎల్‌జీ అన్న ఇంకో టేబుల్‌లో మూటగట్టి ఉండేది, ఆ మూట విప్పడం శాప్‌కే తెలుసు. హనా డేటాబేస్ వచ్చాక ఇది మారి మామూలు టేబుల్ అయింది. పాత సిస్టంలో మాత్రం పైఅంతస్తులో "ఉంది", కింది అంతస్తులో "లేదు". రెండూ నిజమే.

అంటే, లేదు అన్న జవాబు టేబుల్ గురించి కాదు. అడిగినవాడు ఎక్కడ నిలబడి అడిగాడు అన్నదాని గురించి.

ఒరాకిల్‌లో ఓఆర్‌ఏ-00942 అని ఒక ప్రసిద్ధమైన ఎర్రర్ ఉంది. టేబుల్ లేదా వ్యూ లేదు అని దాని అర్థం. టేబుల్ నిజంగా లేకపోయినా అదే వస్తుంది, ఉండి మీకు చూసే అనుమతి లేకపోయినా అదే వస్తుంది. మా ఫ్రెండ్స్ చాలామందికి ఇది మోసంలా కనిపిస్తుంది. నాకలా అనిపించదు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి "ఫలానా మేడం ఇక్కడే ఉంటారా" అని అడిగితే, మంచి వాచ్‌మన్ "అలాంటివాళ్లు ఎవరూ లేరండీ" అంటాడు. "ఉన్నారు కానీ నిన్ను పంపను" అంటే సగం సమాచారం ఇచ్చేసినట్టే. కాబట్టి ఒరాకిల్‌ని తప్పుపట్టను. కానీ మాట్లాడుతున్నది వాచ్‌మన్ అని వినేవాడికి గుర్తుండాలి. ఆ మెసేజ్‌లో చాలా ఏళ్లపాటు ఏ టేబుల్ లేదో దాని పేరు కూడా చెప్పేవాళ్లు కాదు, దానికి మాత్రం నేను క్షమించలేను. ఇరవై టేబుళ్లు కలిపిన క్వెరీలో ఎవరు లేరో చెప్పకుండా "ఒకరు లేరు" అంటే ఎవరికి ఫోన్ చేయాలి? పోస్ట్‌గ్రెస్ ఈ విషయంలో కాస్త నయం. పేరు చెప్తుంది. టేబుల్ మీద అనుమతి లేకపోతే "పర్మిషన్ డినైడ్" అని మొహం మీదే చెప్పేస్తుంది. కానీ దానికీ ఒక అలవాటుంది. సెర్చ్ పాత్ అని ఒక జాబితా ఉంటుంది, మామూలుగా మన పేరుతో ఉన్న స్కీమా, ఆ తర్వాత పబ్లిక్. స్కీమా పేరు చెప్పకుండా టేబుల్ అడిగితే ఆ రెండు గుమ్మాలూ తొంగిచూసి లేదనేస్తుంది. మూడో ఇంట్లో ఉందేమోనన్న ఆలోచన దానికి రాదు.

ఇక పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల గొడవ. మన లిపిలో ఆ తేడా లేదు కాబట్టి ఇక్కడ రాసి చూపించలేను, మన లిపి చేసుకున్న పుణ్యం. విండోస్ మీద మైఎస్‌క్యూఎల్ మామూలుగా టేబుల్ పేర్లన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చి దాచుకుంటుంది, అడిగేటప్పుడు ఎలా అడిగినా ఇస్తుంది. లినక్స్ మీద అలా కాదు, పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. పోయిన ఏడాది ఈ ఒక్క తేడా మా మావయ్య కొట్టుని నాలుగు రోజులు ఆపేసింది.

మావయ్యది తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్. ఒక చిన్న కంపెనీ చేసిచ్చిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాడు. పాత విండోస్ కంప్యూటర్ మూలుగుతోందని, ఆ కంపెనీవాళ్లే డేటా మొత్తం కొత్త లినక్స్ సర్వర్‌కి మార్చారు. పొద్దున్నే కొట్టు తెరిచి పాత బిల్లు ఒకటి తీస్తే, బిల్లులోని సరుకుల లైన్లు ఉండే టేబుల్ లేదని ఎర్రర్. మిగతా టేబుళ్లన్నీ పనిచేస్తున్నాయి. ఈ ఒక్కదాని పేరు మాత్రం కోడ్‌లో ఎవరో ఎప్పుడో పెద్ద అక్షరంతో మొదలుపెట్టి రాశారు. విండోస్ మీద ఇన్నేళ్లూ అది ఎవరికీ తెలియలేదు. ఫోన్ చేస్తే సపోర్ట్ అబ్బాయి రిమోట్‌లో వచ్చాడు. ఎర్రర్ చదివాడు, కంపెనీ దగ్గరున్న స్క్రిప్ట్ తీసి ఆ పేరుతోనే కొత్త టేబుల్ కట్టేశాడు. పది నిమిషాల పని. ఎర్రర్ పోయింది, తెర తెరుచుకుంది, "అయిపోయింది సార్" అన్నాడు.

తెర తెరుచుకుంది సరే. బిల్లు నంబర్ ఉంది, తేదీ ఉంది, పార్టీ పేరు ఉంది, కింద సరుకు లేదు. ఏ బిల్లు తీసినా అంతే. "బిల్లుందంట, పార్టీ ఉన్నాడంట, సరుకు మాత్రం లేదంట. మరి ఆటోలోకి ఎక్కించింది ఏంట్రా, గాలా?" అని మావయ్య. ఆ అబ్బాయి డేటా మార్చేటప్పుడు పోయి ఉంటుందని, ప్రింట్ కాపీలు ఉంటే పోయిన నెలవి మళ్లీ కొట్టించమని సలహా ఇచ్చాడు. నెల మొదటి వారం అది, 11వ తేదీ లోపల జీఎస్‌టీఆర్-1 వేయాలి. గుమస్తాగారు మూడు రాత్రులు కూర్చుని పాత బిల్లులు టైప్ చేశారు. పగలు కొత్త బిల్లులు కూడా అందులోనే పడుతున్నాయి. నాలుగో రోజున, మా సీనియర్ అన్న ఒకాయన డేటాబేస్ పని చేస్తాడని తెలిసి మావయ్య ఆయనకి ఫోన్ చేశాడు. ఆయన చేసిన మొదటి పని "షో టేబుల్స్". ఒక్క అక్షరం తేడాతో రెండు టేబుళ్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకటి నిండుగా, ఒకటి మూడు రాత్రుల కష్టంతో.

పాత టేబుల్ దొరికింది కదా, సుఖాంతం అనుకుంటున్నారా? కొత్త టేబుల్‌లో వరుస నంబర్లు 1 నుంచి మొదలయ్యాయి, పాతదాంట్లోనూ 1 నుంచే ఉన్నాయి. గుమస్తాగారు టైప్ చేసిన లైన్లు పాతదాంట్లో కూడా ఉన్నాయి, కొన్నిచోట్ల కింద మీద తేడాలతో. రెండూ ఊరికే కలిపేస్తే ఒకే వైరు చుట్ట రెండుసార్లు అమ్మినట్టు లెక్క వస్తుంది. విడదీయడానికి అన్నకి రెండు ఆదివారాలు పట్టింది, రిటర్న్ ఈలోగా కాగితాలు చూసి చేత్తో లెక్క కట్టి వేశారు. మొదటి రోజే ఆ షో టేబుల్స్ కొట్టి ఉంటే? పేరు మార్చే ఒక్క లైనుతో పోయేది.

ఆ సపోర్ట్ అబ్బాయిని తిట్టడం నాకిష్టం లేదు. అతను కూడా మూడేళ్ల క్రితం మనలాంటి కాలేజీలోనే కూర్చుని ఉంటాడు, ఒకేసారి నలుగురు కస్టమర్ల ఫోన్లు మోగుతుంటాయి. "కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నారు, ముందు తెర తెరుచుకోవాలి కదా" అన్న వాదన మా క్లాస్‌లోనే ఒకరు చేశారు. నేను ఒప్పుకోను. జనం నిలబడి ఉంటే రెండు గంటలు బిల్లు పుస్తకం మీద రాసుకోవచ్చు, కంప్యూటర్ రాకముందు మావయ్య వాళ్ల నాన్న చేసింది అదే. ఎర్రర్ ఉన్నంతసేపు కనీసం అందరికీ తెలుసు ఏదో తేడా జరిగిందని. ఖాళీ టేబుల్ కట్టగానే ఆ తెలివి కూడా పోతుంది. సాఫ్ట్‌వేర్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, అమ్మకాలు సున్నా అని నమ్మకంగా చెప్తుంది. "లేదు" కన్నా "సున్నా" ప్రమాదం.

మన ప్రాజెక్టుల్లో కూడా ఇది జరుగుతుంటుంది, గమనించారో లేదో. ఎస్‌క్యూలైట్ వాడి, ఫైల్ ఉన్న ఫోల్డర్‌కి బదులు పక్కనే ఉన్న ఇంకో ఫోల్డర్ పేరు ఇస్తే, ఫైల్ లేదని చెప్పదు. అదే పేరుతో ఒక ఖాళీ డేటాబేస్ నిశ్శబ్దంగా పుట్టిస్తుంది, ఆ తర్వాత "నో సచ్ టేబుల్" అంటుంది. అప్పుడు చాట్‌బాట్‌లో పేస్ట్ చేస్తే మైగ్రేషన్ నడపమని సలహా వస్తుంది. నడిపితే పనిచేస్తుంది కూడా. అసలు ఫైల్ ఇంకో ఫోల్డర్‌లో ఎదురుచూస్తూ కూర్చుని ఉంటుంది. చాట్‌బాట్‌ని అనీ లాభం లేదు, మనం చూపించింది దానికి ఆ ఒక్క లైనే.

ముందు ఏం అడగాలి అంటే, నా ఉద్దేశంలో టేబుల్ గురించి కాదు, మన గురించి. నేనిప్పుడు ఏ డేటాబేస్‌లో ఉన్నాను, ఏ యూజర్‌గా ఉన్నాను. టెస్ట్ సర్వర్‌లో కూర్చుని అసలు సర్వర్ టేబుల్ కోసం వెతికేవాళ్లు చాలామంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కొత్త విండో తెరిస్తే చాలాసార్లు అది మాస్టర్ అన్న డేటాబేస్‌లో ఉంటుంది. అక్కడ మన టేబుల్ అడిగితే 208 నంబర్ ఎర్రర్ రాకుండా ఉంటుందా? ఆ తర్వాత డేటాబేస్ తన టేబుళ్ల గురించి తానే రాసుకునే జాబితాలో వెతకాలి, అక్షరాల పెద్దా చిన్నా తేడా పట్టించుకోకుండా, పేరులో ఒక ముక్కతో. ఒరాకిల్‌లో ఇలాంటి జాబితాలు మూడు. యూజర్ టేబుల్స్, ఆల్ టేబుల్స్, డీబీఏ టేబుల్స్. నావి, నాకు కనబడేవి, మొత్తం ఉన్నవి. నాకు మొత్తం డీబీఎంఎస్ సిలబస్‌లో నచ్చిన విషయం ఏదైనా ఉందంటే ఇదే, అదీ సిలబస్‌లో లేదు. ఆల్ అన్న పేరున్నదాంట్లో అన్నీ ఉండవు, మనకి అనుమతి ఉన్నవే ఉంటాయి. అందులో కనబడకపోతే డీబీఏ దగ్గరికెళ్లి మూడోదాంట్లో చూడమని అడగాలి, అంతేకానీ కొత్తది కట్టకూడదు.

తర్వాతి ప్రశ్న ఊళ్లో డాక్టరు అడిగేదే. నిన్న బాగుందా? రాత్రి ఏం తిన్నావు? ఈఆర్‌పీల్లో ఈ జబ్బు ఎక్కువగా అప్‌డేట్ అయిన మర్నాడే వస్తుంది. కొత్త కోడ్ వచ్చేసింది, డేటాబేస్ ఇంకా పాతదే. ఓడూలో మాడ్యూల్‌ని అప్‌గ్రేడ్ చేయాలి, ఈఆర్‌పీనెక్స్ట్‌లో బెంచ్ మైగ్రేట్ నడపాలి. అది టేబుల్ కట్టడమే కాదు, ఏవేం కట్టిందో రాసి పెట్టుకుంటుంది కూడా. చేత్తో కడితే ఆ రాత ఉండదు, వచ్చే అప్‌డేట్‌లో అది ఇంకో రకంగా పగులుతుంది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీల్లో టేబుళ్ల నిర్మాణం మార్చే ఆదేశాలు మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా చేసినవి వెనక్కి రావు, సగం కట్టిన ఇల్లులా ఉండిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో వెనక్కి తీసుకోవచ్చు. ఓడూ పోస్ట్‌గ్రెస్ మీదే నడుస్తుంది, అది వాడేవాళ్ల అదృష్టం.

పాత మైఎస్‌క్యూఎల్‌లో ఇంకొకటి చూడొచ్చు, 8 కన్నా ముందు వెర్షన్లలో. డేటా ఫోల్డర్ మాత్రం కాపీ చేసి, పక్కనే ఉన్న ఐబీడేటా1 అన్న ఫైల్ వదిలేస్తే, షో టేబుల్స్‌లో పేరు కనిపిస్తుంది, సెలెక్ట్ కొడితే లేదంటుంది. రేషన్ జాబితాలో పేరుండి బియ్యం రానట్టు. ఇక్కడ కూడా పాత డిస్క్ పారేయకుండా ఉంటే దారి ఉంది.

నిజంగానే పోయిన టేబుళ్లూ ఉంటాయి, కాదనను. ఓడూలో ఒక మాడ్యూల్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే దాని టేబుళ్లు కూడా పోతాయి, ఫోన్లో యాప్ తీసి మళ్లీ వేసుకున్నట్టు అనుకుని నొక్కేవాళ్లున్నారు. అప్పుడు దిక్కు బ్యాకప్ ఒక్కటే. బ్యాకప్ "ఉంది" అన్న మాటని కూడా అంతే అనుమానించాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ వేరే సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోనే దాదాపు 300 జీబీల డేటా చెరిపేశాడు. బ్యాకప్ తీద్దామని చూస్తే ఖాళీ. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే టూల్ 9.2ది, రోజూ ఫెయిలవుతూనే ఉంది, ఆ సంగతి చెప్పే మెయిల్స్ ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. ఇదంతా కంపెనీ తనే బయటపెట్టింది, దాచలేదు. ఆ ధైర్యం నాకు నచ్చింది.

మన ల్యాబ్ మాన్యువల్లో మొదటి ప్రయోగం క్రియేట్ టేబుల్, చివరిది ట్రిగ్గర్స్. ఉన్న టేబుల్‌ని వెతికి పట్టుకోవడం అన్న ప్రయోగం ఎక్కడా లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మనం చేయబోయేది మాత్రం ఎవరో కట్టిన, ఎవరూ వివరించని డేటాబేస్‌లో వెతుక్కోవడమే. అందుకని హెచ్‌ఓడీ గారికి, ల్యాబ్ సార్‌కి నాదొక విన్నపం. ఒక ప్రయోగం మార్చండి సార్. సైలర్స్ టేబుల్‌ని ఇంకో స్కీమాలో దాచండి, రిజర్వ్స్ మీద అనుమతి తీసేయండి, బోట్స్ పేరులో ఒక అక్షరం పెద్దది చేయండి, మాకు నలభై నిమిషాలివ్వండి. క్రియేట్ టేబుల్ అని ఎవరు టైప్ చేసినా వాళ్లకి ఆ రోజు సున్నా. రికార్డ్ బుక్‌లో రాయాల్సింది ఒక్కటే: టేబుల్ ఎక్కడ దొరికింది, అంతకుముందు మేం ఎక్కడ నిలబడి వెతికాం.